ఠంగుమన్న జీపులో కుప్పం దాకా

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మదనపల్లెలో ఒక పాత మిలిటరీ జీపు కొన్నాను. ఎద్దులబండ్లు తోలే ఇంట్లో పుట్టినవాణ్ణి, జీపుతో మా పుంగనూరులో దిగిన రోజు కాళ్ళు నేల మీద నిలిస్తేగా! మెకానిక్ సాయిబు ఒక్కమాటే చెప్పాడు: "ఇంజిను బలం చక్రాలకు మోసేది ఈ షాఫ్టప్పా. దీని కీళ్ళకు వారం వారం గ్రీసు పెట్టు." మా నాయన వింటేగా! "గ్రీసు యాలరా, ఇంట్లో కందెన ఉండాది గదా" అని బండి ఇరుసుకు పూసే ఆముదం, మసి కలిపిన కందెననే పూస్తూ వచ్చాడు. కొన్నాళ్ళకే గేరు వేస్తే చాలు, కింద ఠంగుమనేది.

సరిగ్గా అప్పుడే పటాలంలో సిపాయిగా ఉన్న బావ దగ్గర్నుంచి కబురు వచ్చింది. పటాలం రైల్లో పోతున్నాడట, సెలవు లేదట, ఇంజిను నీళ్ళు పట్టుకునే కాసేపు కుప్పంలో ఆగుతుందట. అక్కకు పుట్టిన బిడ్డను బావ ఇంతవరకూ చూడలేదు. "రేయ్, ఇంక నీ జీపు ఉండేది దేనికిరా?" అంది అక్క.

బయల్దేరే పొద్దున నాయన జీపు కింద దూరి, వదులైన ఇరుసుకు చుట్టినట్టే, ఆ షాఫ్టు కీలుకు కందెనలో ముంచిన జనపనార బిగించి చుట్టాడు. చప్పుడు మాయం! "సూసినావా, బండోడి పనితనం!" అని మీసం దువ్వాడు. నేనూ ఈల వేసుకుంటూ జీపు ఉరికించాను. పలమనేరు దాటామో లేదో, నార పీలికలై రోడ్డున పడింది. ఠంగ్! ఠంగ్! మునుపటి కన్నా ఘోరం. నాకు ఒళ్ళు మండిపోయింది. దిగి చక్రాల నట్లు బిగించాను, స్ప్రింగులను తన్నాను. ఊహూ.

"రేయ్, నా మాట ఇను. గుంటలో పడితే రావడం లేదు చప్పుడు. నువ్వు ఆ పెడలు మీంచి కాలు తీసి మళ్ళా తొక్కినప్పుడే వస్తాండాది. నా కాళ్ళ కిందే!" అంది అక్క.

కింద దూరి వెనక షాఫ్టును పట్టి తిప్పాను. చక్రం కదలకుండానే అది చేతిలో అటూ ఇటూ ఆడింది. కీలు లోపలి బేరింగులో ఉండే సన్నటి ఉక్కు సూదులు గ్రీసు లేక ఎండి పొడైపోయాయి. ఇంకాస్త పోతే షాఫ్టు ఊడి నేలలో గుచ్చుకునేదే! (ఆ తర్వాత గ్రీసు డబ్బా నాయన చేతికే ఇచ్చాను. ఏ శనివారమూ మరవలేదు.)

"అయితే రైలు పోయినట్టేనా?" అని అక్క బిడ్డను ఒళ్ళోకి లాక్కుంది.

అప్పుడు వెలిగింది నాకు. ఇదేమన్నా ఎద్దులబండా? దీనికి ముందు చక్రాలు కూడా లాగుతాయి, వాటికి వేరే షాఫ్టు, వేరే లివరు ఉన్నాయి! "అక్కా, దిగు! స్పానర్లు అందుకో!" అని అరిచాను. అక్క బిడ్డను సీటు మీద పడుకోబెట్టి, కొంగు నడుముకు దోపి, చేతులు మోచేతుల దాకా కందెనలో ముంచింది. వెనక షాఫ్టు విప్పి ఆమె కాళ్ళ దగ్గర పడేసి, ముందు చక్రాల లివరు లాగాను. కదిలింది! ఠంగు లేదు, గింగు లేదు! నేను కేకేస్తే బిడ్డ కూడా కేకేసింది.

కుప్పం చేరేసరికి రైలు కూత పెడుతోంది. అక్క బిడ్డనెత్తుకుని పరుగో పరుగు. తలుపు దగ్గర వేలాడుతున్న బావ చేతుల్లో బిడ్డను పెట్టింది. బిడ్డ బుగ్గల నిండా, నుదుటి నిండా కందెన మరకలు.

"ఏమే, దిష్టిచుక్క ఇంత పెద్దది పెట్టినావు!" అని నవ్వుతూనే బావ బిడ్డను గుండెకు హత్తుకుని ఏడ్చేశాడు.

రైలు కదలబోతుంటే బిడ్డను తిరిగి ఇచ్చాడు. ఆయన ఖాకీ చొక్కా మీద బిడ్డ బుగ్గ అచ్చు నల్లగా పడింది. పక్కనున్న సిపాయి దాన్ని తుడవబోతే, బావ అతని చెయ్యి పట్టుకుని ఆపేశాడు.