అల్విసో ఉప్పునేలలో బంగారు తీగ

మా అమ్మాయి సుజాతకు మూడో నెల. పోయిన ఏడాది కూడా మూడో నెలలోనే కడుపు నిలవలేదు కనుక, ఈసారి అది దగ్గినా నాకు గుండెదడే. శాంటా క్లారాలో మా పక్కింటి చైనా ఆవిడ లిన్ గారు ఒక పొట్లం తెచ్చి, కడుపు నిలవడానికి తమ వైద్యంలో ఈ గింజల కషాయం ఇస్తారన్నారు. ఆ గింజలు కాసే తీగలాంటిదే దగ్గర్లో అల్విసో ఉప్పునేలలో ఉంది, చూపిస్తానన్నారు. చూడని మొక్కను బిడ్డ చేత ఎలా తాగిస్తాను? అందుకే బయలుదేరాం.

శనివారం ఉదయం ఎనిమిదింటికి లఫాయెట్ వీధి పట్టుకుని ఉత్తరంగా వెళితే ఇరవై నిమిషాల దారి. పార్కింగుకు డబ్బులు అడగలేదు. ప్రతి గతుకుకూ నేను "మెల్లిగా" అంటుంటే సుజాత నవ్వింది.

"కార్ డ్రైవ్ చేసేది నేను. బ్రేకేమో నువ్వు తొక్కుతున్నావ్, అమ్మా."

వెనక సీటులో లిన్ గారూ నవ్వారు, ఏం అర్థమైందో.

ఉప్పునీటి మడుగుల కట్ట మీద మట్టిదారి. మంచులో నీళ్లు ఎక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. నడుస్తున్నామో తేలుతున్నామో అన్నట్టుంది. అంతలో నారింజ రంగు బయటపడింది. పొట్టి మొక్కల మీద ఎవరో పట్టుదారం చిక్కు తీసి ఆరబెట్టినట్టు పోగులు పోగులుగా తీగ. ఆకు లేదు, నేలలో వేరు లేదు.

గుర్తుపట్టాను. మా మినుము చేలల్లో బంగారు తీగ అనేవాళ్లం. పట్టిన మొక్కను పీల్చేస్తుందని, కనబడితే మొక్కతో సహా పీకి కాల్చేవాళ్లం. దీని గింజలా నా బిడ్డకు?

"ఇది మొక్కల్ని చంపేస్తుందండీ" అన్నాను. సుజాత ఇంగ్లీషులో చెప్పింది. లిన్ గారు తల అడ్డంగా ఊపి, తన చిటికెన వేలు నా చిటికెన వేలికి మెలిపెట్టి బిగించారు.

"హోల్డ్. బేబీ హోల్డ్."

అప్పటికే నా రెండో చెయ్యి అలవాటు కొద్దీ ఒక పోగును పట్టుకుంది. లాగబోతుంటే సుజాత నా మణికట్టు పట్టుకుంది.

"పీకకమ్మా. పట్టుకుంది కదా, ఉండనీ."

ఈసారి నెల తప్పినప్పటి నుంచి బిడ్డ ఊసెత్తితే చాలు, లేచి వెళ్లిపోయేది. ఈ మాట తీగ గురించే అన్నా, దాని రెండో చెయ్యి పొట్ట మీద ఉంది. నేను పోగు వదిలేశాను. మంచు విడిపోయేదాకా ముగ్గురం కట్ట మీదే కూర్చున్నాం. భయం పోలేదు. కానీ ఆ కాసేపు ఆ భయం నా పక్కన ఊరికే కూర్చుంది. పొట్లం విప్పలేదు, డాక్టరును అడగందే విప్పం.

వెళ్లేవారు పొద్దున్నే, ఎండ రాకముందే వెళ్లండి. అక్కడ ఏదీ తెంపకూడదు, చేతులు వెనక కట్టుకుని నడవండి.