నదిలో తెల్లగా మిగిలిన చోటు

మా అమ్మాయి పోయింది. పోయిన నెల ఆసుపత్రిలో డాక్టరుగారు మంచం పక్కకు వచ్చి మెల్లగా ఇంగ్లీషులో ఏదో చెప్పారు. జబ్బు పడ్డప్పటి నుంచీ ఆయన మాటలు నాకు తెలుగులో విడమరిచి చెప్పింది అదే. అలవాటు కొద్దీ “ఏటంటన్నారే?” అని దాని మొహం వైపే తిరిగాను. అప్పుడు అర్థమైంది.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. మా ఆయనకు ఈ పరాయి దేశంలో, సెంబవాంగ్ రేవులో ఓడల పని దొరికాక శ్రీకాకుళం నుంచి వచ్చాను. అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఇలాంటివి రాయడం నాకు చేతకాదు, సర్దుకుని చదవండి.

అది చిన్నపిల్లలకు బొమ్మలు నేర్పేది. దానికి ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు ఒకాయనంటే ప్రాణం. నూట యాభై ఏళ్ళ కిందటి మనిషి. పేరు నాకు నోరు తిరగదు, అందుకని మా ఇంట్లో ఆయన పడవ తాతయ్య. పడవ మీద చిన్న గది కట్టించుకుని, నది వెంట తేలుతూ ఒడ్డులూ చెట్లూ పొద్దువాలిన ఆకాశమూ వేసేవాడట. ఆ బొమ్మల కాగితాలు మా ఫ్లాట్ గోడ నిండా అంటించింది. చివరికి దేవుడి పటాల పక్కన కూడా ఒకటి. వాటిల్లో పెద్ద సంగతేమీ ఉండదు. నీళ్ళు, రెండు బాతులు, దూరంగా ఒక ఇల్లు. చూస్తూ ఉంటే మాత్రం పొయ్యి మీద కూర సంగతి మర్చిపోయేదాన్ని.

“ఈ ముసిలాయన ఎక్కడ నిలబడి ఏసినాడే? కాళ్ళ కింద నేలే లేదు,” అన్నానొకసారి.

“నేలెందుకమ్మా? పడవలో ఉన్నాడు. కింద అంతా నీళ్ళే.”

“మరి ఆ చెట్లేటి, మసగ్గా, సగం ఏసినట్టున్నాయి?”

“అప్పటి వాళ్ళు కూడా నీలాగే తిట్టారంట,” అని పడీపడీ నవ్వింది.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం రైలెక్కి బిషాన్ పార్కుకు పోయేవాళ్ళం. ఈ దేశంలో నది అంటే సిమెంటు కాలువే అనుకునేదాన్ని. అక్కడ మాత్రం నిజం నది, గడ్డి ఒడ్డులు, కొంగలు, ఒక్కోసారి తమ పిల్లల్ని వెంటేసుకుని ఈదే నీటికుక్కలు. అది నాకు ఎడమ పక్కన పీట వేసుకుని కూర్చునేది. నేను గొడుగు పట్టేదాన్ని. దాని తల మీదికి పట్టినప్పుడల్లా విసుక్కునేది.

“నాకు కాదమ్మా, బొమ్మకి పట్టు. ఎండ పడితే రంగు తెలీదు లా.”

ఇక్కడి పిల్లల్లాగే మాట చివర ‘లా’ తగిలించేది.

“నువ్వు నల్లబడిపోతన్నావే!”

“పర్లేదు. తాతయ్యకి వాళ్ళబ్బాయి హెల్పర్, నాకు నువ్వు. జీతం లేదు లా, మకాన్ మాత్రం ఫ్రీ.” మకాన్ అంటే ఇక్కడి మాటలో తిండి.

“నేనొండి తెచ్చిన పులిహోర నాకే ఫ్రీయేటే!”

బొమ్మ వేసి లేచినప్పుడల్లా అయిపోయిందా అని అడిగేదాన్ని. “వెయ్యడం ఈజీ అమ్మా, ఆపడమే కష్టం,” అనేది. అప్పుడు ఊరికే విన్నాను. ఇప్పుడు ఆ మాట నన్ను వదలడం లేదు.

చివరి బొమ్మ మంచం మీదే, ఆ బిషాన్ నదిని గుర్తు తెచ్చుకుంటూ వేసింది. ఆకాశం అయింది, అటూ ఇటూ చెట్లు అయ్యాయి, దూరాన నీళ్ళు అయ్యాయి. కింద జానెడు మేర రంగు పడక గుడ్డ తెల్లగా ఉండిపోయింది.

దానికి బొమ్మలు నేర్పిన టీచరమ్మ పరామర్శకు వచ్చి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. “మీరు సరేనంటే ఆ కాస్తా నేను పూర్తి చేస్తాను. తను నేర్పిన పిల్లల క్లాసులో పెడదాం,” అంది. మంచి మనిషి, మనసారా అంది. మా ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

“ఇచ్చెయ్యే. సగంలో ఉంటే దాని మనసు నిలవదు.”

ఇంకొకరి చెయ్యి పడితే అది దాని బొమ్మ ఎలా అవుతుంది? అలాగే ఉంచితే, ఆయనన్నట్టు, దాన్ని సగంలో వదిలేసినట్టేనా?

పోయిన ఆదివారం ఒక్కదాన్నే బిషాన్ వెళ్ళాను. ఆ తెల్లచోట ఏముండాలో కళ్ళారా చూద్దామని, మేము కూర్చునే చోటే కూర్చున్నాను. నా కాళ్ళ దగ్గర గడ్డి ఉంది, రాళ్ళున్నాయి. దాని బొమ్మలో అవి లేవు. బొమ్మలో నదికి రెండు ఒడ్డులూ అటొకటి ఇటొకటి ఉన్నాయి. అంటే అది ఒడ్డున కూర్చుని చూసినట్టు వెయ్యలేదు. నది నడిమధ్య నుంచి వేసింది. ఆ నదిలో పడవలు లేవు. మంచం మీద పడుకుని, నా బంగారుతల్లి తనకు తనే ఒక పడవ తెచ్చుకుంది. ఆ తెల్లచోటు దాని కింది నీళ్ళు.

ఇంతలో వాన పట్టుకుంది. స్టేషన్ దాకా వానలోనే నడిచాను.

ఇంటికొచ్చి, “టీచరమ్మకు చెప్పండి. పిల్లల దగ్గర పెట్టమనండి. రంగు మాత్రం ముట్టొద్దనండి,” అన్నాను.

మా ఆయన నా వైపు చూసి, తువ్వాలు అందించారు. “ఏటే, కుడి పక్కంతా ఇలా తడిసిపోనావు? గొడుగు అట్టుకెళ్ళలేదా?”

పట్టుకెళ్ళాను. దారంతా ఎడమ పక్కకే పట్టుకుని నడిచాను.