తనిలో లేచినవారు

కచేరీలో గాయకుడు పాట ఆపి, మృదంగాన్ని ఒక్కదాన్నే వాయించనిచ్చే ఘట్టాన్ని తని ఆవర్తనం అంటారు. తని అంటే ఒంటరి. మా ఆయన మృదంగం వాయించేవాడు కనుక ఆ మాట వాడుక నాకు పుస్తకాలకంటే బాగా తెలుసు. రామన్నపేటలో తని అంటే జనం లేచి పానకానికి వెళ్లే వేళ.

ఏటా శ్రీరామనవమికి గుడి మంటపంలో మధ్యాహ్నం కచేరీ. నేను ముందు వరుసలో కూర్చుని తాళం వేస్తూ, లేచినవారిని లెక్కపెట్టి, ఇంటికొచ్చాక నోటుబుక్కులో రాసేదాన్ని. తెలంగాణ వచ్చాక మొదటి నవమికి అరవై ఇద్దరిలో నలభై ఎనిమిది మంది లేచారు. రెండో నవమికి యాభై ముగ్గురు. గాయకుడు నోరు మూయగానే కచేరీ అయిపోయిందనుకుని గుడి కమిటీ పెద్ద మైకు అందుకుని పానకానికి పిలిచేవాడు.

మూడో ఏటికి మా ఆయనకు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. "గిదే ఆఖరు. ఒక్కపారన్న తని మొత్తం జనం కూసోని వినాలె," అన్నాడు.

కమిటీ పెద్దకు ముందే చెప్పి చూశాను.

"పాట ఆగినంక ఇంకేముంటదక్కా? ఒట్టి మద్దెలనే గదా," అన్నాడు.

"పదమూడు నిమిషాలు జర ఓపిక పట్టు."

"పానకం వేడెక్కుతది."

ఇక వాదించలేదు. పానకం గంగాళం దగ్గరున్న ఒకే ఒక్క గరిటె తెచ్చి, దాని మీద కూర్చున్నాను.

పాట ఆగింది. కమిటీ పెద్ద మైకులో పానకానికి పిలిచాడు. జనం గంగాళం దాకా వెళ్లి, గరిటె లేక తిరిగొచ్చి కూర్చున్నారు. నా వెనకాల కూర్చున్న గొర్ల కాపరి ముసలాయన, "గీయన మంచిగనే కొడ్తుండు గదా. ఇన్నేండ్లు ఏడున్నడు?" అన్నాడు.

"ఈడనే," అన్నాను.

తని చివర ఒకే ముక్తాయింపును మూడుసార్లు వాయించి, సరిగ్గా తాళం మొదటి దెబ్బ మీద దిగాలి. మూడోసారి మా ఆయన అర దెబ్బ ముందే దిగాడు. గాయకుడు గడుసువాడు, అక్కడే పాట అందుకున్నాడు. మంటపమంతా చప్పట్లు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో మా ఆయన అడిగాడు. "ఎట్లుండె?"

"అందరు ఆఖరు దాక కూసున్నరు."

"అది నేను జూసిన. ముక్తాయింపు సంగతి చెప్పు."

అబద్ధం నాకు చేతకాదు. "అర దెబ్బ ముందల పడ్డది."

"జనంల ఇంకెవ్వరన్న పట్టిన్రా?"

"ఇంకెవ్వరు పడ్తరు?"

"గట్లయితే గియ్యాల్టిది లెక్కల రాయకు," అన్నాడు. "వచ్చే యేడు మళ్ల వాయిస్త."