సర్దుకోవడం ప్రోగ్రాం పని

పక్కింటి బాబాయిగారు పోయారని పోయిన మంగళవారం పొద్దున్న కుళాయి దగ్గర తెలిసింది. బిందె అక్కడే వదిలేసి పరుగెత్తాను. నేను వీధిలో పరుగెత్తడం మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్ వాళ్ళు చూడడం అదే మొదటిసారి. రెండేళ్ళ క్రితం వరకూ వాళ్ళు నా గొంతు కూడా విని ఉండరు. విన్నారంటే ఆయన వల్లే. అందుకే ఐదో తరగతితో చదువాపేసిన నేను ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బాబాయిగారు రైల్వే వర్క్‌షాపు స్టోర్సులో పనిచేసి రిటైరయ్యారు. ఆ వయసులో సైకిలు మీద ఇంజినీరింగ్ కాలేజీ పక్కనున్న ప్రేమ్ బజార్ వెళ్ళి, అక్కడి విద్యార్థులకి పిన్నిగారి పెసరట్లు పెట్టి, ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నారు. షాపులో తనతో పనిచేసి తలో ఊరికీ చెదిరిపోయిన తెలుగువాళ్ళందరి చిరునామాలతో ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టాలని ఆయన ఆశ. ఇంగ్లీషు అక్షరాలు వస్తే చాలని నన్ను సాయానికి పిలిచారు. "వెళ్ళు, గోడలతో ఎన్నాళ్ళు మాట్లాడతావు" అన్నారు మా ఆయన.

పేజీలో జనం నింపే గడులకి పేర్లు నేను టైపు చేశాను. వాటిని తీసుకెళ్ళి పట్టికలో వేసే ప్రోగ్రాం ఆయన రాశారు. ఆదివారం వచ్చి పేజీ చూడమని ఊళ్ళో ఉన్న పాత స్నేహితుల్ని పిలిచారు. శనివారం మేం తన వివరాలే వేసి చూస్తే ఊరు ఒక్కటే పడింది. పేరూ, ఇంటిపేరూ ఖాళీ.

ఆయనది స్టోర్సు పద్ధతి. గడి పేరు గట్టిగా చదవడం, పట్టికలో అదే పేరు చూసి "ఉంది" అని ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టడం. మూడుసార్లు చదివారు. మూడుసార్లూ అన్నీ ఉన్నాయి. ఆ రెండు గడులు మాత్రం ఖాళీ. "ముసిలోడికి ఇది రాదులే. రేపు రావద్దని సెప్పొస్తాను, ఈ కంప్యూటరు పెట్టె కూడా ఇచ్చేస్తాను" అని చెప్పులు వేసుకున్నారు.

పక్కన నోరెత్తకుండా కూర్చుని చూస్తున్న నాకు తప్పు కనపడింది. అది నాదే. పెద్దవాళ్ళ పేరూ, ఇంటిపేరూ పడే గడుల్ని ఇంగ్లీషు చిన్నక్షరంతో మొదలెట్టడం మర్యాద కాదనిపించి పెద్దక్షరం పెట్టాను. ఊరికి చిన్నదే పెట్టాను. ఆయన పట్టికలో అన్నీ చిన్నక్షరాలు. ప్రోగ్రాంకి ఆ రెండూ వేరు. చెబితే ఇంక రావద్దంటారేమో. చెప్పకపోతే ఆయన గుమ్మం దాటేస్తారు.

"బాబాయిగారూ, నోటికి రెండూ ఒకటే. కంటికి కావు. పెద్దక్షరాలు నేనే పెట్టాను."

ఆయన వంగి చూశారు. తర్వాత నవ్విన నవ్వుకి పిన్నిగారు గరిటెతో సహా వచ్చేశారు. "ఏటమ్మా, ఇంత గొంతెట్టుకుని ఇన్నాళ్ళూ దాసినావా?"

అన్నీ చిన్నక్షరాలు చేసేస్తానన్నాను. ఒప్పుకోలేదు. "నువ్వు మర్యాదగా పెద్దచ్చరాలే ఎట్టుకో. సద్దుకోడం నా ప్రోగ్రాం పని" అన్నారు. పోల్చేటప్పుడు మాత్రం గడి పేరునీ పట్టికలో పేరునీ చిన్నక్షరాల్లోకి మార్చి చూసి, కలిస్తే పట్టికలో ఉన్న పేరు కిందే వేసేలా రాశారు. లోపల జనం రాసుకున్నది ముట్టుకోలేదు. ఈసారి గడులన్నీ నిండాయి.

ఆదివారం టీ మూడుసార్లు పెట్టాం. ఒకాయన తన పేరు నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. ఎదురింటి బెంగాలీ దాదా వచ్చి, తెలుగువాణ్ణి కాకపోతేనేం, షాపు ఒకటే కదా అని తన పేరూ రాయించుకున్నారు.

అప్పట్నించి నెలకోసారి జాబితా సరిచూసేటప్పుడు గట్టిగా చదవడం నా వంతు, "ఉంది" అనడం ఆయన వంతు. వీధి చివరికి వినపడాలనేవారు. వినపడేది కూడా. నా గొంతు వినే కేలెండర్ తిప్పుతున్నానని దాదా వేళాకోళం చేసేవారు.

ఈ నెల కాగితాలు అలాగే ఉండిపోయాయి. నిన్న పిన్నిగారే వాటిని తెచ్చి, ఆయన కుర్చీలో కూర్చుని, ఎర్ర పెన్సిలు చేతిలోకి తీసుకున్నారు. ఒక్కో పేరూ చదువుతూ వెళ్ళాను. బాబాయిగారి పేరు వచ్చింది. ఆయనకి నచ్చినట్టే, వీధి చివరికి వినపడేలా చదివాను.

పిన్నిగారు టిక్కు పెట్టి, "ఉంది" అన్నారు.