కోతల పండుగకొచ్చిన సీతాఫలాలు

మొన్న విజయనగరంలో ఆటో కోసం నిలబడితే ఎదురుగా పెద్ద బోర్డు కనిపించింది. తవ్వేసిన కొండల్ని క్వారీవాళ్లే మళ్లీ అడవులుగా మారుస్తున్నారట. పచ్చటి చెట్లు, వాటి కింద నవ్వుతున్న పిల్లలు. మన ఈడువాళ్లకు ఇలాంటి బొమ్మలు చూస్తే నమ్మకం కన్నా ముందు అనుమానం పుడుతుంది. నాకైతే వెంటనే మా మేనత్త గుర్తొచ్చింది.

రెండు వేల పది దాటిన కొత్తలో, నేనింకా మా ఊరి బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో, పెద్దకొండను తొలిచేసిన క్వారీవాళ్లు ఆ గోతి చుట్టూ సీతాఫలం మొక్కలు నాటించి, పక్కనున్న చిన్నకొండకూ ఊరి ఒప్పుకోలు అడిగారు. మా అత్త మడికి నీరిచ్చే గెడ్డ పుట్టేది ఆ చిన్నకొండ మీదే. మామయ్య పోయాక ఆవిడకు మిగిలింది ఆ మడొక్కటే కనుక, కొండ పోతే తన బతుకూ పోతుందని బెంగ. మేనేజరు మాత్రం, తవ్వుకున్నాక మళ్లీ పచ్చగా చేసి ఇచ్చేస్తామని తియ్యగా చెప్పేవాడు.

ఆ ఏడు మా చర్చిలో కోతల పండుగకు అతనూ వచ్చాడు. అందరూ తొలిపంటలు తెచ్చి బల్ల ముందు పెడితే, ఆరాధనయ్యాక వేలం పాడడం మా ఆనవాయితీ. అరటిగెలలు, కొత్త బియ్యం మధ్య అతను గంపెడు సీతాఫలాలు పెట్టించి, ఇవి మీ పెద్దకొండ మీద కాసినవే అన్నాడు. సంఘపెద్దల కళ్లు చెమర్చాయి. వేలంపాట మొదలవబోతుండగా అత్త లేచింది.

"ఒక్క మాట సెప్పు బాబూ. నిరుడేసిన మొక్క మోకాలెత్తు కూడా నేదు. ఇన్నేసి కాయలెలాగ కాసీసిందేటి?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఇవి సాలూరు సంతలో కొన్నవి కావని, ఎవరూ సంత మాట ఎత్తకుండానే అతను చెప్పేశాడు. చర్చంతా ఘొల్లుమంది. చిత్రమేమిటంటే, అలా నవ్వినవాళ్లే నాలుగు రోజులు తిరక్కుండా ఒప్పుకోలు ఇచ్చేశారు. దేవుడి మందిరంలో, కానుక తెచ్చిన అతిథిని అవమానించామని సిగ్గుపడి!

నిజం చెప్పొద్దూ, పెద్దకొండ మొక్కలు ఆ తర్వాత నిజంగానే ఎదిగాయి. రోడ్డు మీంచి చూస్తే పచ్చగానే ఉంటుంది, నా ఒళ్లు మండేదీ అందుకే. చిన్నకొండ ఉన్నచోట ఇంకో గొయ్యి, దాని చుట్టూ ఇంకొన్ని మొక్కలు. గెడ్డ మాత్రం మళ్లీ రాలేదు, దాని కింది ఊరి మడులన్నీ ఎండిపోయాయి. బీడుపడిన మడి గట్టు మీద కూచుని కూచునే అత్త వెళ్లిపోయింది.

కోతల పండుగ ఇప్పటికీ చేస్తున్నాం. కోసేందుకు మడులు లేవు కనుక, బియ్యమూ కాయలూ బజారులో కొనుక్కొచ్చి బల్ల ముందు పెడుతున్నాం. ఇవెక్కడ పండాయని లేచి అడిగే మనిషి లేదు.