కిలియాన్ తాత మొదటి గుక్క

పొగబీరు ఒక గుక్క తాగితే జర్మనీలోని మా బాంబెర్గ్‌లో ఎవరికైనా పొగబెట్టిన పంది మాంసం గుర్తొస్తుంది. కిలియాన్ తాతకి మాత్రం చచ్చిపోయినవాళ్ళు వస్తారు.

గుర్తుకు రావడం కాదు, రావడమే. రోజూ దీపాలు పెట్టే వేళకి మా వీధి చివర గెర్లిండ్ అక్క పానశాలలో పొయ్యి పక్కన చేరతాడు. బొగ్గు కడిగిన నీళ్ళలా నల్లగా ఉన్న గ్లాసు ముందు పెట్టినా తొందరపడడు. నురుగు కాస్త అణిగేదాకా చెవి ఒగ్గి వింటాడు. అప్పుడు కళ్ళు మూసుకుని ఒక్క గుక్క తాగి, లోపలున్నవాళ్ళు పారిపోతారేమోనన్నట్టు గ్లాసు మీద అరచెయ్యి మూత పెడతాడు. అప్పటిదాకా పేకముక్కలు బల్లకేసి కొడుతున్నవాళ్ళు కూడా చేతులు ఆపేస్తారు. కొయ్య పీపాలోంచి బొట్టు కారే చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది.

"ఎవరొచ్చారు తాతా?" అని గెర్లిండ్ అక్క గొంతు తగ్గించి అడుగుతుంది.

"తడిసిన ఉన్ని... లవంగం... అడుగంటిన ప్లమ్ పళ్ళ జామ్..." తాత కళ్ళు తెరవడు. "కుని వచ్చింది."

కుని పోయి ఏడాది కూడా కాలేదు. మూల బల్ల దగ్గర కోటైనా విప్పకుండా కూర్చున్న ఆమె మొగుడు ఓట్మార్ గభాలున తలెత్తాడు.

"అడుగంటిందా? మా కుని జామ్ జన్మలో అడుగంటలేదు!"

"మరి నాకు మాడు కంపు కొడుతోందే."

"మాడింది నీ ముక్కు! రాగి గిన్నె పొయ్యి మీదుంటే అది వంటింట్లోంచి కదిలేదా? పక్కింటికి నిప్పంటుకుంటే కూడా గరిటె వదలకుండా కిటికీలోంచి చూసింది, తెలుసా నీకు?"

ఎవరికీ తెలియదు. అందుకని ఓట్మార్ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది.

తాత రుచులు ఎప్పుడూ ఇలాగే ఉండేవి. ఒకరోజు బీరులో చర్చి గంట తాడు వాసన, ఒకరోజు తాళం వేసిన పెట్టె వాసన, ఇంకోరోజు ఎవరో చెప్పులు విప్పి లోపలికొచ్చిన వాసన. ఒకసారి ఉత్తరాది నుంచి ఊరు చూడ్డానికి వచ్చిన ఒకాయన మొదటి గుక్క తాగి, మొహం వికారంగా పెట్టి, "ఛీ, పంది తొడ మాంసం నానబెట్టిన నీళ్ళు!" అన్నాడు. తాత తన గ్లాసులోకి ఒకసారి తొంగి చూసి, అటు తిరిగి, "కాస్త మర్యాదగా మాట్లాడు నాయనా, ఆయన మా మేనమామ" అన్నాడు. ఆ పెద్దమనిషి గ్లాసు అక్కడే వదిలేసి, టోపీ కూడా వదిలేసి, వంతెన దాటాడు.

బాల్తజార్ అనుభవం ఇంకా ఘోరం. అతను మా వీధి కసాయి, నిలువెత్తు మనిషి. ఓ సాయంత్రం సాసేజీ నోట్లో పెట్టుకుంటూండగా తాత గుక్క తాగి, "బాల్తజార్ వచ్చాడు" అన్నాడు.

సాసేజీ నోట్లోనే ఆగిపోయింది. "నేనింకా ఇక్కడే ఉన్నాను కదా తాతా!"

"నువ్వు కాదురా. మీ నాన్న, పెద్ద బాల్తజార్. నువ్వొచ్చేటప్పుడు వెల్లుల్లి వాసన ముందొస్తుంది."

ఆ తర్వాత చాలా రోజులు బాల్తజార్ సాసేజీల్లో వెల్లుల్లి పడలేదు.

పొగలో మనుషులుండరని నాకు తెలుసు. నేను రసాయనశాస్త్రం చదువుకున్నదాన్ని. మొలకెత్తిన బార్లీని బీచ్ చెట్టు కట్టెల పొగ మీద ఆరబెడతారు. ఆ పొగలోని గ్వాయకాల్ అనే పదార్థం బీరులోకి దిగుతుంది, ముక్కుకి తగులుతుంది, పాత సంగతులేవో గుర్తొస్తాయి. అంతే. ఈ మాటే ఒకసారి తాతకి వివరంగా చెప్పాను. ఆయన ఎంతో శ్రద్ధగా విని, "గ్వాయకాలా? ఆయన ఏ వీధిలో ఉండేవాడమ్మా?" అని అడిగాడు.

శాస్త్రం ఎంత చదివినా ఒక్క విషయంలో మాత్రం మా వీధివాళ్ళందరితో పాటు నాకూ గురి ఉండేది. తాత బతికున్నవాళ్ళ పేరు ఎన్నడూ చెప్పలేదు.

మా ఫ్రీడా నెలలు నిండకుండా పుట్టింది. ఆసుపత్రి గాజుపెట్టెలో చాలాకాలం ఉంచి ఇంటికి పంపారు. కొన్ని నెలలకి బాగా ఒళ్ళు చేసిందని ఇంట్లో నేను తప్ప అందరూ నమ్మారు. నిద్రపోతుంటే దాని ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. ఊపిరి తగిలితే, అది దాని ఊపిరో కిటికీ సందులోంచి వచ్చే గాలో అని కిటికీ మూసి మళ్ళీ చూస్తాను. సైన్సు చదువుకున్నవాళ్ళకి ఇదొక కష్టం, ఒక్క ప్రయోగంతో తృప్తి ఉండదు. చలి, క్రిములు, దగ్గే చుట్టాలు అన్నీ తలుచుకుని పిల్లని గడప దాటించలేదు, ఎవరినీ గడప దాటి లోపలికి రానివ్వలేదు. చర్చిలో చన్నీళ్ళు పోస్తారని నామకరణం కూడా వాయిదా వేశాను.

నేను మాత్రం రోజూ సాయంత్రం బయటికి వెళ్ళేదాన్ని. మా మామగారికి పొద్దుగుంకగానే పొగబీరు కావాలి. ఆయనకి మోకాళ్ళు నొప్పులు. మా ఆయన యోర్గ్ పిల్లని చూసుకుంటే నేను కూజా పట్టుకెళ్ళి గెర్లిండ్ అక్క దగ్గర నింపించుకొచ్చేదాన్ని. మా వీధి నిట్టనిలువు ఎక్కుడు, నిండు మట్టి కూజా బరువు. పాప బండి ఇంట్లో ఊరికే పడుంది, దానికి మంచి స్ప్రింగులున్నాయి. కూజాని అందులో పడుకోబెట్టకుండా నిలబెట్టి, కదలకుండా దుప్పటి చుట్టి తోసుకొస్తే నురుగు కూడా చెదిరేది కాదు. ఈ ఉపాయం నాకే తట్టిందని కాస్త గర్వంగా కూడా ఉండేది.

సమాధుల మీద ఎర్ర దీపాలు పెట్టే రోజులొచ్చాయి. నది మీంచి లేచిన మంచు సందులన్నీ నింపేసింది. దానికి బార్లీ ఆరబెట్టే పొగ తోడై, ఎదురింటి గోడ కూడా ఉందో లేదో తెలియకుండా పోయింది. ఆ సాయంత్రం కూజా నిండాక కాసేపు పొయ్యి దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. తాత గుక్క తాగాడు. చెయ్యి మూత పెట్టాడు. ఈసారి మాత్రం కళ్ళు తెరిచాడు. ఆ కళ్ళు నా వైపు కాదు, నా బండి వైపు చూశాయి.

"పాలు..." అన్నాడు. "కడిగి ఆరేసిన మెత్తటి గుడ్డ... చాలా చిన్నది. ఫ్రీడా వచ్చింది."

బాల్తజార్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనకనుంచి గెర్లిండ్ అక్క చెయ్యి నా భుజం మీద పడింది. అంత బరువైన చెయ్యి నా మీద అంతకుముందెప్పుడూ పడలేదు.

బండి తోసుకుంటూ మంచులో పరిగెత్తాను. వెనక ఎవరో నడుస్తున్నట్టు ఉంది. ఆగితే ఆ అడుగులూ ఆగుతున్నాయి. బీరు దుప్పటి మీదంతా చింది పొగ కంపు కొడుతోంది. ఇంట్లోకి దూసుకెళ్ళి, ఉయ్యాలలోంచి ఫ్రీడాని లాగి కుదిపాను. అది కళ్ళు తెరిచి, నన్ను పోల్చుకుని, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు అందుకుంది.

"నిద్రపోయే పిల్లని ఎందుకు లేపావు?" అన్నాడు యోర్గ్.

"బతికుందో లేదో చూద్దామని."

"తెలిసిందిగా? ఇప్పుడు ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది."

పొద్దున్నే డాక్టరుని ఇంటికి పిలిపించాను. ఆయన ఛాతీ విని, బరువు చూసి, "గుండ్రాయిలా ఉంది, నీకేమైనా మందు కావాలా?" అన్నాడు. కిలియాన్ తాత చెప్పింది చెప్పాను. డాక్టరు సంచీ సర్దుకుంటున్నవాడల్లా ఆగి, స్టెతస్కోపు మళ్ళీ బయటికి తీశాడు.

ఆ రోజంతా వీధి నన్ను భయపెట్టింది. రొట్టెల కొట్టాయన నా కళ్ళలోకి చూడకుండా తియ్యరొట్టె ఒకటి చేతిలో పెట్టి లోపలికి తప్పుకున్నాడు. బాల్తజార్ పెళ్ళాం ఏ మాటా లేకుండా కౌగిలించుకుని ఏడ్చింది. మధ్యాహ్నం తలుపు తీస్తే గడప మీద మూత పెట్టిన సూపు గిన్నె, దాని పక్కన వెలుగుతున్న ఎర్ర దీపం ఉన్నాయి. సమాధి మీద పెట్టే దీపం. మంచులో మనిషి జాడ లేదు. జరగబోయేదేదో వీళ్ళందరికీ ముందే తెలిసిపోయింది, తెలియంది నా ఒక్కదానికే అనుకున్నాను.

చీకటి పడుతూండగా ఫ్రీడాని ఉన్ని గుడ్డల్లో చుట్టి గుండెకి అదుముకుని పానశాలకి వెళ్ళాను. చలి సంగతి, క్రిముల సంగతి ఆ క్షణంలో గుర్తులేవు. తలుపు తోసేసరికి బాల్తజార్ చేతిలో పేకముక్కలు రాలిపోయాయి. ఓట్మార్ శిలువ గుర్తు వేసుకున్నాడు. గెర్లిండ్ అక్క "మేరీ మాతా!" అని పీపాని వాటేసుకుంది. తిప్పిన కుళాయి అలాగే పారుతోంది.

"తాతా, మా పిల్లకేం కాబోతోంది? ఉన్నదున్నట్టు చెప్పండి."

తాత లేచి వచ్చాడు. వేలితో ఫ్రీడా బుగ్గ తాకి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"వెచ్చగా ఉందే!"

"వెచ్చగా ఉండదా మరి?"

"అంటే... బతికే ఉందా?"

"చచ్చిపోయిందని ఎవరు చెప్పారు మీకు?"

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గెర్లిండ్ అక్క కుళాయి కట్టేసి, "నువ్వే చెప్పావు కదమ్మా" అంది.

"నేనా?"

"నోటితో కాదులే. నెలలు నిండని పిల్లని కన్నావు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఎవరికైనా ఒక్కసారి చూపించావా? సాయంత్రం కాగానే బండి తోసుకొస్తావు. అందులో పిల్ల లేదు, నేను నింపిన కూజా ఉంది. దానికి దుప్పటి కప్పుతావు, అంచులు లోపలికి దోపుతావు. బెంచీ మీద కూర్చుని బండి ఊపుతావు. బాల్తజార్ గట్టిగా నవ్వితే 'ష్' అంటావు. మేమేమనుకోవాలి చెప్పు?"

"నేను ఊపుతానా?"

"జోకొడతావు కూడా చెల్లెమ్మా" అన్నాడు బాల్తజార్, కళ్ళు తుడుచుకుంటూ. "నిన్న కూజా నుదురు తడిమి చూశావు."

"పేరెలా తెలిసింది మీకు?"

"మీ మామగారు ఫోనులో అరిస్తే నదికి ఆవలి గట్టుకి కూడా తెలుస్తుంది."

ఈలోగా ఫ్రీడా తాత తెల్లమీసం పట్టుకుంది. విడిపించబోతే ఇద్దరూ ఒప్పుకోలేదు. చివరికి తాత దాన్ని ఒళ్ళో వేసుకుని పొయ్యి పక్కన కూర్చున్నాడు. జనం చుట్టూ మూగారు. అంతలోనే ఒక్కొక్కళ్ళూ వెనక్కి జరగడం మొదలెట్టారు. పొద్దస్తమానం పంది పేగులు కడిగే బాల్తజార్ అందరికంటే ముందు కిటికీ తెరిచాడు. ఓట్మార్ కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. కారణం నాకు వెంటనే అర్థమైంది. తల్లిని కదా.

తాత మాత్రం కదల్లేదు. ఫ్రీడా మాడు మీద ముక్కు ఆనించి హాయిగా గాలి పీల్చి, "చూశారా, నేను చెప్పిన వాసనే!" అన్నాడు.

నేను పీపా దగ్గరికి వెళ్ళి గుసగుసగా అడిగాను. "అక్కా, తాతకి వాసన తెలీదా?"

"ఇంత చదువుకున్నావు, ఇప్పుడా కనిపెట్టడం? బార్లీ ఆరబెట్టే పొగగదిలోనే ముసలాడైపోయాడు. ముక్కు ఎప్పుడో పోయింది. ఆయనకి పొగబీరైనా పంపునీళ్ళైనా ఒకటే."

"మరి ఇన్నాళ్ళూ ఆ పేర్లన్నీ?"

"తాగేముందు గదంతా ఓసారి కలయజూస్తాడు. ఎవరు కోటు విప్పకుండా మూల కూర్చున్నారో చూసుకుంటాడు. పోయినవాళ్ళ పేరు నెల తిరిగాక ఎవరెత్తుతారు చెప్పు? బాధపెడతామేమోనని మనం నోరు మూసుకుంటాం. ఆయన ఎత్తుతాడు. పైగా కావాలని తప్పు చెప్తాడు, తిట్టడానికైనా నోరు తెరుస్తారని."

ఓట్మార్ ఆ రోజు కుని గరిటె గురించి ఎంతసేపు పోట్లాడాడో గుర్తొచ్చింది. వెళ్ళేటప్పుడు గోడకి తగిలించిన కోటు తీసుకున్నాడు. ఎప్పుడు విప్పాడో ఎవరూ చూడలేదు.

"మరి ఆ మేనమామ?"

"ఆ సాయంత్రం ఒంటరిగా కూర్చున్నది తాతే."

"ఈ సంగతి వీళ్ళకి తెలుసా?"

"కనిపెట్టినవాళ్ళు ఎవరూ బయటికి చెప్పరు. అందరూ కనిపెట్టారు" అని గెర్లిండ్ అక్క గ్లాసులు కడుక్కోసాగింది.

తాత నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టాడు. నా మొహం ఒక్కసారి చూసి, "ఇందాక పొరపడ్డానమ్మా. మీ పిల్ల తల పులిసిన క్యాబేజీ వాసన" అన్నాడు.

"కాదు!" అన్నాను.

"క్యాబేజీయే. బాగా ఊరింది."

"క్యాబేజీ ఏమిటి తాతా! పొయ్యిలోంచి తీసిన రొట్టె వాసన. నిద్ర లేచినప్పుడైతే ఇంకోలా..." అని మొదలెట్టాను. ఆయన కంటి కొస నవ్వు చూసి కూడా ఆపలేకపోయాను. గాజుపెట్టె పక్కన కూర్చున్న రోజులు, గుండ్రటి కన్నంలోంచి చెయ్యి పెట్టి దాని పాదం పట్టుకోవడం, యంత్రం కూత పెట్టినప్పుడల్లా నా ఊపిరి ఆగిపోవడం, యోర్గ్‌తో కూడా అనని మాటలన్నీ వచ్చేశాయి. పిల్ల తాత ఒళ్ళో నిద్రపోయింది. దాని ముక్కు కింద వేలు పెట్టాలని నాకు తోచనేలేదు. గుడ్డ మార్చాలని కూడా తోచలేదు.

ఉన్నట్టుండి తాత చెయ్యెత్తాడు. "ఆగు."

ఆయన ముందు గ్లాసు లేదు. కళ్ళు మూసుకోలేదు. ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"వస్తోంది" అన్నాడు. "ఒట్టు, నిజంగానే వస్తోంది!"

పొయ్యిలో కట్టె ఒకటి చిటిలింది. తెరిచిన కిటికీలోంచి మంచు నెమ్మదిగా లోపలికి పాకుతోంది. ఓట్మార్ చెయ్యి నుదుటి దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"ఎవరు తాతా?" గెర్లిండ్ అక్క గొంతు ఈసారి నిజంగా వణికింది.

తాత కళ్ళనిండా నీళ్ళు. మెల్లగా తల వంచి ఒళ్ళోకి చూశాడు.

"ఫ్రీడా" అన్నాడు, అబ్బురపడిపోతూ.

అది వాసన కాదు. తడిసి చాలాసేపైన డైపర్లోంచి లేచిన అమోనియా. అది వాసన తెలియని ముక్కుని కూడా చురుక్కుమనిపిస్తుందని నేను చదువుకున్నాను. ఆ మాట నేను అక్కడ అనలేదు. లేచి, గుడ్డలు మారుద్దామని పిల్ల కోసం చేతులు చాపితే, తాత ముంజెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్క నిమిషం ఉండనివ్వు తల్లీ" అన్నాడు.