మందకు వీపు తిప్పిన కాపరి

టొరంటోలో ఒక చిత్రశాలకు వెళ్ళినప్పుడు, పదిహేడో శతాబ్దపు బరోక్ కాలం నాటి యూరప్ పల్లె బొమ్మ ముందు చాలాసేపు నిలబడిపోయాను. మిట్టమధ్యాహ్నపు బంగారు ఎండ, పచ్చిక నిండా గొర్రెలు, చెట్టు కింద పిల్లనగ్రోవి ఊదుతున్న కాపరి.

"అంతా ఉత్తదే అంకుల్!"

తిరిగి చూస్తే యూనిఫాంలో గార్డు. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విన్నట్టుంది. పేరు స్వరూప, వనపర్తి దగ్గరి అమ్మాయి. ఊరి శివారు ఎటోబికోలో ఉంటూ, చదువుకుంటూ ఇక్కడ పార్ట్‌టైమ్ చేస్తోంది.

"ఇంత ఎండల గొర్లు ఇట్ల దూరం దూరం పండుకోవు. గుంపుగ చేరి ఒకదాని కడుపు కింద ఒకటి తల పెట్టుకుంటయ్. వీడేమో మందకు వీపు తిప్పి కూసున్నడు!"

మా నవ్వు విని ఒక కెనడా పెద్దావిడ దగ్గరికొచ్చింది. స్వరూప అదంతా ఇంగ్లీషులో చెప్పింది. నీకెలా తెలుసని అడిగిందావిడ.

"మై ఫాదర్ ఈజ్ ఎ షెపర్డ్," అంది స్వరూప. గొంతు కాస్తయినా తగ్గలేదు. ఆవిడ వెంటనే భర్తను కేకేసి, మళ్ళీ మొదట్నుంచి చెప్పమంది.

నేను బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేశాను. మా నాన్న గురించి ఎవరడిగినా "వ్యవసాయం" అనే చెప్పాను.

స్వరూప నావైపు తిరిగింది. "మీ నాన్నగారు ఏం చేసేటోరు అంకుల్?"

"గొర్రెలేనమ్మా," అన్నాను, హాలంతా వినబడేలా. "బొమ్మలో వీడి కర్ర చూడు, చేతికందనంత దూరంలో పడేశాడు. మా నాన్నయితే వీణ్ణి ఒక్క పూట కూడా మంద దగ్గర ఉంచేవాడు కాదు."